గే లాయర్ హీరోగా క్రైమ్ నవల ఎలా రాయాలి?

తెలుగు క్రైమ్ కథల్లో లాయర్లకు కొదవ లేదు. గే పాత్రలు మాత్రం మన సినిమాల్లో చాలాకాలం నవ్వించడానికే వచ్చి పోయాయి. ఆ మనిషికి నల్లకోటు తొడిగి, ఒక హత్య కేసు చేతిలో పెట్టి రాయాలనుకునేవాళ్ళ కోసం ఇది. ఒకటి గట్టిగా పట్టుకోండి: చిన్నచూపు అనేది కథకు పైపూత కాకూడదు, కేసులో చిక్కుముడి దానివల్లే పడాలి.

ముందు ఏడాది తేల్చుకోండి

స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 377 సెక్షన్, ఇష్టపడి కలిసే పెద్దవాళ్ళకు వర్తించదని 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు చెప్పింది. 2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 2018 సెప్టెంబర్ 6న ఐదుగురు జడ్జీల ధర్మాసనం మళ్ళీ అది నేరం కాదంది. మీ హత్య ఈ తేదీల మధ్య ఎక్కడ పడుతుందో దాన్నిబట్టి కథంతా మారిపోతుంది. నన్నడిగితే 2015 తీసుకోండి. నాలుగేళ్ళు ఊపిరి పీల్చుకున్న మనుషులు మళ్ళీ తలుపులు వేసుకున్న రోజులవి.

నోరు విప్పలేని సాక్షిని పెట్టండి

హిమాయత్‌నగర్‌లో ఒక ఫ్లాట్‌లో రాత్రి పదకొండింటికి హత్య జరిగింది. పోలీసులు పట్టుకున్న కుర్రాడు ఆ సమయానికి సికింద్రాబాద్‌లో ఒక లాడ్జిలో, ఇంకో మగాడితో ఉన్నాడు. ఆ రెండో మనిషి బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు పిల్లల తండ్రి. ఆయన ఒక్క మాట చెబితే కుర్రాడు బయటపడతాడు. కానీ 2015లో ఆ మాట చెప్పడమంటే, పదేళ్ళు లేదా యావజ్జీవం పడగల నేరాన్ని తన నోటితో ఒప్పుకోవడమే.

మన లాయర్‌కు ఒక దారి తెలుసు. తన మీదకే వస్తుందని సాక్షి జవాబు ఎగ్గొట్టకూడదని పాత సాక్ష్యాధారాల చట్టం 132వ సెక్షన్ చెబుతుంది. అలా కోర్టు బలవంతం మీద చెప్పిన జవాబును పట్టుకుని అతని మీద కేసు పెట్టకూడదని కూడా అదే సెక్షన్ అంటుంది. బోనులో నిలబడ్డంతసేపూ చట్టం కాపాడుతుంది. ఇంటికెళ్ళాక? ఆ సాక్షిని ఒప్పించాల్సినవాడు తన ఇంట్లో తానే ఇంకా నోరు విప్పని లాయర్. మీ నవల మొత్తానికి ఇదే గుండెకాయ. ఈ ఇద్దరి మధ్య కనీసం మూడు సీన్లు రాయండి, తొందరపడకండి.

చిన్నచూపును మామూలు మాటల్లో చూపించండి

తిట్లతో నింపితే పాఠకుడు 'నేనలాంటివాణ్ణి కాదులే' అని తప్పించుకుంటాడు. అందుకని నాంపల్లి క్రిమినల్ కోర్టు మెట్ల దగ్గర ఇలాంటి సీను పెట్టండి. చంచల్‌గూడ జైల్లో కొడుకు సంతకం చేసిన వకాలత్‌ను తల్లి ప్లాస్టిక్ కవర్లో మడిచి తెచ్చింది. అది చేతికిస్తూ, "మావాడికి అలాంటి పాడు అలవాట్లేమీ లేవు బాబూ, ఒట్టు," అంది. "మీకు పెళ్ళయిందా?" అని కూడా అడిగింది. లాయర్ ఫైలు మీద తేదీ వేసుకుని, "ఇంకా లేదమ్మా," అన్నాడు. అక్కడితో ఆపేయండి. అతను బాధపడ్డాడని మీరు చెప్పక్కర్లేదు.

తెలుగులో మీకు దొరికే ఒక మంచి మాట 'తేడా'. కోర్టులో లాయర్లు కూర్చునే బార్ రూమ్‌లో తోటివాళ్ళు "వాడు కొంచెం తేడా" అంటారు. అతనేమో రాత్రంతా కూర్చుని సాక్షుల స్టేట్‌మెంట్లలో తేడా వెతుకుతుంటాడు. ఈ రెండు వాడుకల్నీ దగ్గరదగ్గరగా పెట్టండి, విడమరచవద్దు.

పై స్థాయిలో ఇదే చిన్నచూపు మర్యాదగా, ఫైళ్ళ రూపంలో వస్తుంది. గే అని దాచుకోని సీనియర్ న్యాయవాది సౌరభ్ కిర్పాల్ పేరును ఢిల్లీ హైకోర్టు జడ్జి పదవికి సుప్రీంకోర్టు కొలీజియం, అంటే జడ్జీల పేర్లు సూచించే సీనియర్ జడ్జీల బృందం, 2021 నవంబర్‌లో సిఫారసు చేసింది. కేంద్రం ఫైలు తిప్పి పంపితే, 2023 జనవరిలో కొలీజియం మళ్ళీ అదే పేరు పంపింది. కథ ఈ మధ్యకాలానిదైతే బార్ రూమ్ కబుర్లలో ఇది తప్పక రావాలి.

కోర్టు పనిలో తప్పులు పోనివ్వకండి

హత్య కేసులో 90 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే నిందితుడికి బెయిల్ అడిగే హక్కు వస్తుంది. టెన్షన్ పెంచడానికి అంతకంటే మంచి గడియారం లేదు. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నా అది సాక్ష్యం కాదు. కానీ అతను చెప్పిన చోట కత్తి దొరికితే, ఆ మేరకు చెల్లుతుంది. హత్య 2024 జులై 1 తర్వాత జరిగినట్టు రాస్తే పాత ఐపీసీ 302 సెక్షన్ అనకండి, కొత్త భారతీయ న్యాయ సంహితలో అది 103.

హంతకుణ్ణి ఎంచుకునేటప్పుడు

తాను గే అన్న సంగతి దాచుకున్నవాడే హంతకుడని చివర్లో తేల్చకండి. అలా చేస్తే మీరు రెండొందల పేజీల్లో కట్టినదాన్ని మీరే కూలగొట్టినట్టు. ఆ బ్యాంకు ఉద్యోగిని ఆత్మహత్యతో ముగించడం కూడా వద్దు. అతను సాక్ష్యం చెప్పాక సాయంత్రం ఇంటికి వెళ్ళనివ్వండి. తలుపు ఎవరు తీశారో రాయండి.

రాత ప్రతిని క్రిమినల్ ప్రాక్టీసు చేసే ఒక జూనియర్‌కీ, ఒక గే స్నేహితుడికీ ఇచ్చి చదివించండి. ఎక్కడ ఆగిపోయారో పెన్సిల్‌తో గీత పెట్టమనండి. ఇద్దరూ ఒకేచోట గీత పెడితే ఆ సీను మళ్ళీ మొదటినుంచి రాయండి.