పెంకులు దించాక చెద బయటపడితే లెక్క ఎలా తేల్చుకోవాలి

అమలాపురం దగ్గర ఒక పెంకుటింటి కప్పు పని గుత్తకు ఒప్పుకున్నాను. పెంకులు దించితే, గోడ మీద ఆనిన వాసాల చివర్లు చెద తినేసి ఉన్నాయి. స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగిపోయింది. వాన ముంచుకొస్తోందని ఇంటాయన్ని అడగకుండానే ఆరు వాసాలు మార్చేశాను. బిల్లు చూసి, "ఒక్క మాట చెప్పొచ్చు కదండీ" అన్నారాయన. ఆ మాట న్యాయమే.

ఒప్పుకునేటప్పుడే కాగితం మీద రాయండి: దించాక కనపడే పాడు కర్రకు లెక్క వేరు, అడుగుకు ఇంత, కూలి ఇంత.

చెద కనపడగానే పని ఆపి, టార్పాలిన్ కప్పండి. కర్ర తీయకముందే టేపు పెట్టి ఫొటో తీయండి. ఇంటివాళ్లను నిచ్చెన ఎక్కించి వాళ్ల చేత్తోనే గుచ్చి చూడమనండి. నా అనుభవంలో ఫొటో కంటే ఇదే ఎక్కువ పనిచేస్తుంది. ఎన్ని వాసాలు, ఎంతవుతుందో వాట్సాప్‌లో పెట్టి, "సరే" అని వచ్చాకే రంపం పట్టండి. తీసిన కర్ర బిల్లు తేలేదాకా పెరట్లోనే ఉంచండి.

అప్పటికీ పేచీ వస్తే, తగాదా లేని గుత్త డబ్బు ముందు తీసుకోండి. మిగతాదానికి ఇద్దరికీ నమ్మకమున్న వడ్రంగి చేత కొలిపించండి. కుదరకపోతే లోక్ అదాలత్ ఉంది. కోర్టుకే వెళ్లాల్సి వస్తే, మామూలుగా పని పూర్తయిన 3 ఏళ్లలోపు దావా వేయాలి.