లంకల్లో గేదెలు మేపేవాళ్లు కృష్ణ జింకలకు చోటు వదలడం ఎలా

ధవళేశ్వరం దగ్గర గోదావరి లంకల్లో కృష్ణ జింకలు ఉన్నాయని చాలామందికి వరదలప్పుడే గుర్తొస్తుంది. గోపాలమిత్రగా పశువులకు టీకాలు వేయడానికి ఆ లంకలకు వెళ్తుంటాను కాబట్టి, మేత దగ్గర పశువుకీ జింకకీ తగాదా ఎక్కడ వస్తుందో నాకు తెలుసు.

పశువుల్ని దింపే ముందు లంకంతా ఒకసారి తిరిగి చూడండి. తడి ఇసుకలో జింక అడుగు సన్నగా, ముందుకు మొనదేలి ఉంటుంది. పెంటికలు ఒకేచోట కుప్పగా పడి, మీద కొత్తవి కనిపిస్తే అది మగజింక హద్దు. నల్ల వీపు, మెలికల కొమ్ముల పోతు ఆడజింకల కోసం కాచుకునేది అక్కడే. ఆ చుట్టుపక్కల పశువుల పాక వేయొద్దు, గుంజ పాతొద్దు.

కృష్ణ జింకకు పొట్టి గడ్డి కావాలి. మనిషెత్తు రెల్లులో దానికి దూరం కనపడదు, పరుగు సాగదు. గేదెలు లేత రెల్లు తిని, తొక్కి, కాస్త తెరిపి చేస్తే జింకకు మేలే. అందుకే లంకల్లోంచి పశువుల్ని పూర్తిగా తోలేయాలన్న మాట నేను ఒప్పుకోను. రోజూ ఒకేచోట మేపడమే చేటు. గరిక నేలమట్టానికి పోతుంది, పశువు ముట్టని కలుపు లేస్తుంది. సర్కారు తుమ్మ కాయలు తిన్న పశువు పేడలోంచి ఆ ముళ్లచెట్లే మొలుస్తాయి. మేత కరువైన జింక మీ కూరగాయల మడిలోకి రాక ఎక్కడికి పోతుంది?

కాబట్టి తోటి రైతులతో మాట్లాడుకుని మేత భూమిని మూడు భాగాలు చేసుకోండి. ఒకదాంట్లో మేపితే మిగతా రెండూ ఖాళీగా ఉండాలి. గరిక బెత్తెడు లేచేదాకా మళ్లీ అటు తోలొద్దు.

జింకలు ఎక్కువగా మేసేది పొద్దున్నే, సాయంత్రం చల్లబడ్డాక. ఈ విషయంలో పాల వేళలు మనకు కలిసొస్తాయి. పొద్దుట పాలు పితికి, ఎండెక్కాక వదలండి. సాయంత్రం పాలకు పెందలాడే మళ్లించండి.

అన్నిటికంటే నాకు బెంగ కుక్కల గురించే. కాపరి వెంట కుక్క ఉంటే జింకలు మంచి గడ్డి ఉన్నా వదిలేసి పోతాయి. ఈనిన కొత్తలో తల్లి పిల్లను గడ్డిలో దాచి దూరంగా మేస్తుంది. పిల్ల కదలకుండా పడుకుంటుంది, కుక్క వాసన పట్టేస్తుంది. దయచేసి కుక్కను ఇంటి దగ్గరే కట్టేసి రండి. పిల్ల ఒంటరిగా కనిపిస్తే జాలిపడి ఎత్తుకురాకండి, తల్లి వస్తుంది. పైగా 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అది నేరం.

గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి తప్పకుండా వేయించండి. గిట్టలు చీలిన జింకకూ ఆ జబ్బు అంటుకుంటుంది.

వరదల్లో ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు ఇస్తారు. అప్పటిదాకా ఆగకండి. భద్రాచలంలో నీరు పెరుగుతోందనగానే పశువుల్ని ఏటిగట్టు దాటించేయండి. లంకలో మిగిలిన మెరక జింకలకు దక్కుతుంది. ఈదుకుంటూ గట్టెక్కిన జింక కనిపిస్తే కుక్కల్ని ఆపి, అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చేయండి. చుట్టూ గుమిగూడి ఫొటోలు తీయొద్దు, పట్టుకోవాలని తరమొద్దు. ఆ భయానికే ప్రాణం పోతుంది దానికి.