పత్రిక పక్షపాతం లెక్క తేడా కొడుతోందా? ఎడిషన్ చూడండి

సమస్య ఇలా మొదలవుతుంది. నెల రోజుల పేపర్లు ముందేసుకుని ఏ పార్టీకి ఎన్ని కాలమ్ సెంటీమీటర్లు (ఒక కాలమ్ వెడల్పున ఎన్ని సెంటీమీటర్ల పొడవు) ఇచ్చారో కొలిచారు. ఒక పార్టీ దాదాపు కనబడలేదు. కానీ ఆ పేపర్ రోజూ చదివేవాళ్లకు చెబితే, ‘అదేంటి, మొన్న మొదటి పేజీలోనే వేశారు కదా’ అంటున్నారు.

ముందు చేయాల్సిన పని, దాదాపు అందరూ వదిలేసే పని ఒకటుంది. ఒకే 50 వార్తలకు ఇద్దరు విడివిడిగా గుర్తులు పెట్టండి: అనుకూలం, ప్రతికూలం, తటస్థం. ఒకరి షీటు ఇంకొకరు చూడకూడదు. ‘హైకోర్టులో సర్కారుకు చుక్కెదురు’ అన్న శీర్షిక ప్రభుత్వానికి ప్రతికూలమా, జరిగింది జరిగినట్టు చెప్పడమా? ముందే తేల్చుకోకపోతే ఇద్దరూ చెరోటి వేస్తారు. ఇద్దరి గుర్తులు ఎంతవరకు కలిశాయో చెప్పే కొలత క్రిప్పెండార్ఫ్ ఆల్ఫా (1 అంటే పూర్తిగా కలిసినట్టు). అది 0.8 దాటితే ముందుకెళ్లండి. 0.667 కంటే తగ్గితే ఆపేసి, మీ నిబంధనలు మళ్లీ రాసుకోండి. దయచేసి ఈ మెట్టు దాటేయకండి.

అది సరిగ్గానే ఉండి కూడా లెక్క నమ్మబుద్ధి కాకపోతే, అనుమానించాల్సింది ఎడిషన్‌ను. నన్ను గట్టిగా దెబ్బతీసింది ఇదే. ఓసారి ఒక పత్రిక ఈ-పేపర్‌ను నెలంతా కొలిచి, ఫలానా ప్రతిపక్ష నేత రాయలసీమ పర్యటన గురించి ఒక్క ముక్క వేయలేదని రిపోర్టులో రాశాను. అనంతపురంలో ఉండే మిత్రుడు తన ఇంటికొచ్చిన పేపర్ ఫొటో తీసి పంపాడు. మొదటి పేజీలో, మడత పైన, నాలుగు కాలమ్‌ల బొమ్మ! నేను చూసింది హైదరాబాద్ ఎడిషన్. తప్పు నాది, మచ్చ పడింది ఆ డెస్కు వాళ్ల మీద. ఆ రిపోర్టు వెనక్కి తీసుకున్నాను.

తెలుగు పేపర్ పేరు ఒకటే అయినా కాగితం ఒకటి కాదు. సాక్షి 2008లో మొదలైన రోజే 23 ఎడిషన్లతో వచ్చింది. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రకూ తెలంగాణకూ మెయిన్ పేజీలే వేరయ్యాయి, జిల్లా పేజీలు సరేసరి. దూరం వెళ్లే కట్టలు ముందు ప్రింటవుతాయి, సిటీ ఎడిషన్ ఆఖర్న. అందుకే అర్ధరాత్రి జరిగిన అరెస్టు నగరంలో బ్యానర్ అయితే, మారుమూల మండలానికి మర్నాటి వార్త.

పరిష్కారం: ప్రతి వార్త పక్కన తేదీతో పాటు ఎడిషన్, పేజీ నంబరు రాయండి. పోల్చే పత్రికలన్నిటికీ అవే మూడు ఊళ్ల ఎడిషన్లు తీసుకోండి. మెయిన్, జిల్లా పేజీలను ఎప్పుడూ కలిపి కూడకండి. జరిగిందని మీకు కచ్చితంగా తెలిసిన ఒక సభను ఎంచుకుని, అది ఏ ఎడిషన్‌లో ఏ పేజీలో వచ్చిందో వెతకండి. గంట పని, నెల శ్రమను కాపాడుతుంది.

పత్రికలన్నీ అధికార పార్టీ వైపే మొగ్గినట్టు వస్తే, మీరు ముఖ్యమంత్రి సమీక్షలను, కేబినెట్ నిర్ణయాలను పార్టీ ఖాతాలో వేసి ఉంటారు. వాటిని ‘ప్రభుత్వం’ అని వేరే గడిలో పెట్టండి. తెలంగాణలో 2023 డిసెంబర్ 7న, ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూన్ 12న కొత్త ముఖ్యమంత్రులు ప్రమాణం చేశారు. ఆ తేదీలకు ముందు మూడు నెలలు, తర్వాత మూడు నెలలు కొలవండి. ఎన్నికల వారాలను మాత్రం విడిగా ఉంచండి. కుర్చీ మారగానే మొగ్గు కూడా మారితే అది కుర్చీకి దక్కే చోటు. మారకపోతే అప్పుడు పత్రిక గురించి మాట్లాడవచ్చు.

పాత ఫాంట్ల వల్ల సెర్చ్‌లో పేర్లు దొరకకపోవడం, స్కాన్‌లో అక్షరాలు చెడిపోవడం లాంటివీ ఉంటాయి. పది పేజీలు కళ్లతో చూస్తే బయటపడతాయి.