ఎఫ్-150 స్పార్క్ ప్లగ్‌లు మార్చే ముందు జాగ్రత్తలు

చలికాలం లోపు 2004–08 ఫోర్డ్ ఎఫ్-150, 5.4 లీటర్ల త్రీ-వాల్వ్ ట్రైటన్ ఇంజిన్‌కి ప్లగ్‌లు మారుస్తున్నారా? ఇవి చూసుకోండి.

– పాత ప్లగ్‌ని ఒక్క ఊపున తిప్పేయకండి. ఇది రెండు ముక్కల ప్లగ్. పొడుగాటి కింది గొట్టం మసితో హెడ్‌కి (సిలిండర్లపై మూతలా ఉండే భాగం) అతుక్కుని, విరిగి లోపలే ఉండిపోతుంది. పావు చుట్టు లోపే వదులు చేసి, కార్బ్ క్లీనర్ (మసి కరిగించే కార్బురేటర్ క్లీనర్) పోసి, కనీసం పావుగంట ఆగండి. తర్వాత కొంచెం వెనక్కి, కొంచెం ముందుకి. కిర్రుమంటే మళ్లీ క్లీనర్. ఎనిమిదింటికీ ఇంతే, విసుగొచ్చినా తొందరపడొద్దు.

– ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. వేడి మీద అల్యూమినియం హెడ్ మరలు దెబ్బతింటాయి.

– ఇంపాక్ట్ గన్ (దెబ్బలు కొడుతూ తిప్పే పవర్ టూల్) అసలు వద్దు.

– కాయిల్ (ప్లగ్ పైన ఉండి దానికి కరెంటిచ్చే భాగం) తీయగానే, ప్లగ్ కదిపే ముందే ప్లగ్ ఉండే గుంతలోకి గాలి కొట్టండి. ఇసుక సిలిండర్‌లో పడితే గీతలు పడతాయి.

– కొత్త ప్లగ్ కింది గొట్టానికే నికెల్ యాంటీ-సీజ్ (అతుక్కోకుండా పూసే పేస్ట్) రాయండి, మరలకు కాదు. బిగింపు 34 న్యూటన్ మీటర్లు, టార్క్ రెంచ్‌తోనే (బిగింపు బలం కొలిచే పానా).