వెనక కాళ్లు తూలుతున్నాయా? ముందు పిడుదు వెతకండి

ఇది బ్రిస్బేన్, సిడ్నీ వైపు ఉండే మనవాళ్ల కోసం. నిన్నటిదాకా గెంతులేసిన కుక్క ఇవాళ మెట్లెక్కలేక వెనక కాళ్లు ఈడుస్తోంది, మొరుగుడు గొంతు మారింది, డోకులొస్తున్నాయి. కాలు బెణికిందేమోనని రెండు రోజులు ఆగి చూడకండి. ముందు ఒళ్లంతా వేళ్లతో తడమండి, పైపైన చూస్తే కనపడదు: చెవుల లోపల, పెదవుల మడతల్లో, కాలర్ కింద, కాలివేళ్ల సందుల్లో. ఒక పిడుదు దొరగ్గానే చాలామంది ఆపేస్తారు, రెండోది ఉండిపోతుంది.

కారణం పెరాలిసిస్ టిక్, ఆస్ట్రేలియా తూర్పు తీరంలో ఉండే పిడుదు. ఇండియాలో ఒంటినిండా పిడుదులున్నా జ్వరం దాకానే చూసినవాళ్లకి ఇది నమ్మబుద్ధి కాదు గానీ, దీని లాలాజలంలో విషం ఉంటుంది, కరిచిన 3 నుంచి 5 రోజులకి కాళ్లు, ఆ తర్వాత ఊపిరి పడిపోతాయి. ఒక్కటి చాలు.

అసలు ముంచేది ఇంకోటుంది. "పోయినేడు రెండు మూడు కరిచినా మావాడికేం కాలేదు, ఇమ్యూనిటీ వచ్చేసింది." ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! ఇందులో కొంచెం నిజం ఉండటమే చిక్కు. పదేపదే పిడుదులు పట్టిన కుక్కల్లో రోగనిరోధక శక్తి పుట్టే మాట వాస్తవమే, పక్షవాతానికి వాడే యాంటీసీరం (విషానికి విరుగుడు మందు) కూడా అలా తయారుచేసిన కుక్కల రక్తం నుంచే తీస్తారు. కానీ అక్కడ డాక్టర్ల కనుసన్నల్లో, మెల్లమెల్లగా, మళ్లీమళ్లీ పిడుదుల్ని పట్టిస్తారు. మీ పెరట్లో పిడుదుకి ఆ లెక్కలేం తెలియవు. పైగా ఆ శక్తి నిలవదు, చలికాలం పిడుదులు తగ్గితే అదీ తగ్గిపోతుంది, సెప్టెంబరులో మొదటి పిడుదు పట్టేసరికి కుక్క దాదాపు కొత్తదే. యాంటీసీరం ఎక్కించిన కుక్కకీ అంతే, కొన్నాళ్లకే ఆ రక్షణ పోతుంది. టీకా లేదు. కాబట్టి కావాలని కరిపించి అలవాటు చేద్దామనే ఆలోచన మానుకోండి.

పిడుదుని పీకేసి వెంటనే వెట్ (పశువుల డాక్టర్) దగ్గరికి తీసుకెళ్లండి. పీకాక కూడా ఒకటి రెండు రోజులు పరిస్థితి దిగజారుతుంది, ఇంట్లో కూర్చోకండి. తిండి, నీళ్లు పెట్టొద్దు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చల్లగా, కదలకుండా ఉంచండి. ఇలాగే కనపడే పాము కాటు, వెన్నుపూస సమస్య లాంటివేమో అన్నది వెట్ చూసుకుంటారు.

ఇకముందు పిడుదుల్ని చంపే మాత్రల సంగతి. నెక్స్‌గార్డ్ నెలకోసారి, బ్రవెక్టో మాత్ర 4 నెలలకోసారి. తేదీ ఫోన్‌లో పెట్టుకోండి. మాత్ర వేసినా పిడుదు కరిచాకే చస్తుంది, అందుకని సీజన్‌లో రోజూ తడమాల్సిందే.