పాత ఫొటోలో ఉన్న రోడ్‌స్టర్ ఏ కాలందో పట్టుకోవడం ఎలా

అమెరికాలో యాంటిక్ షాపుల్లో పాత ఫొటోల డబ్బా కెలికితే ఇలాంటిదొకటి తగులుతుంది, రోడ్‌స్టర్ అనే రెండు సీట్ల ఓపెన్ కారు, పక్కన టోపీ పెట్టుకుని దర్జాగా ఓనరు. మన కళ్ళు ముందు ఆయన మీసాల మీదకే పోతాయి, కానీ ఆయన్ని చివర్లో చూద్దాం.

ముందు 1200 డీపీఐలో స్కాన్ చేసుకోండి. తుడవడాలు గట్రా వద్దు, నేనోసారి తడిగుడ్డ పెట్టి ఒకాయన సగం మొహం లేపేశా.

ఇప్పుడు రేడియేటర్ మీద జూమ్ చేయండి. ఎక్కువగా తగిలేది ఫోర్డ్ మోడల్ టీనే, దానికి ఇత్తడి రేడియేటర్ తళతళలాడుతుంటే 1916 మోడల్ లోపుది, నల్లగా ఉంటే 1917 మోడల్ నుంచి. ఫుట్‌బోర్డ్ మీద చిన్న డబ్బా, దాన్నుంచి హెడ్‌లైట్లకి గొట్టం కనిపిస్తే ఇంకా పాతది, అది కార్బైడ్ గ్యాస్ డబ్బా, మనోళ్ళు మామిడికాయలు మగ్గబెట్టే కార్బైడే, దాని మీద నీళ్ళు చుక్కలుగా పడితే గ్యాస్ వచ్చి దీపం వెలిగేది. 1915 మోడల్‌తో ఫోర్డ్‌కి కరెంటు లైట్లొచ్చేశాయి.

తలుపుల్లేకుండా, ముందు అద్దం బదులు స్టీరింగ్ రాడ్‌కి బిగించిన గుండ్రటి అద్దం ఒక్కటే ఉందా? అయితే గట్టిగా ఊపిరి పీల్చుకోండి, 1911లో వచ్చిన మెర్సర్ రేస్‌అబౌట్ కావచ్చు, స్టట్జ్ బేర్‌క్యాట్ కావచ్చు, రెండూ ఆనాటి స్పోర్ట్స్ కార్లు.

స్టీరింగ్ కుడివైపుంటే ఫొటో తిరగబడిందని ఫ్లిప్ కొట్టేయకండి, అప్పట్లో అమెరికాలో కూడా చాలా కార్లకి కుడివైపే, నంబర్ ప్లేట్ మీద అక్షరాలు తిన్నగా ఉన్నాయో లేదో చూస్తే తేలిపోతుంది. రంగు మాత్రం ఫొటో చూసి చెప్పలేం, ఆనాటి ఫిల్ముకి ఎరుపు పట్టదు, ఎర్ర కారైనా నల్లగానే పడుతుంది. కలర్ వేసే యాప్‌లని అందుకే నేను నమ్మను.

వెనక్కి తిప్పండి. పోస్ట్‌కార్డ్ అయితే స్టాంపు గడిలో అజో (AZO, ఫొటో పేపరు బ్రాండు) అని ఉండి నాలుగు త్రిభుజాలూ పైకి చూస్తుంటే 1904-1918 మధ్య పేపరు, రెండు పైకి రెండు కిందకి ఉంటే 1918 తర్వాతది.

ఇక ఓనరు గారు. దుమ్ము పడకుండా వేసుకునే పొడుగాటి డస్టర్ కోటు, కళ్ళద్దాలు, మట్టి కొట్టుకుపోయిన టైర్లు ఉంటే నిజంగా నడిపినాయనే అనుకోవచ్చు. వెనక సీనరీ గుడ్డ మీద గీసినదైతే మాత్రం ఆ కారు స్టూడియోది, ఆయన ఐదు నిమిషాల ఓనరు.