క్రాంక్ సెన్సార్‌కి చెయ్యి అందకపోతే

ఇంజిన్ వేడెక్కాక కారు ఉన్నట్టుండి ఆగిపోయి, చల్లారాక మళ్లీ మామూలుగా స్టార్ట్ అవుతోందా? చాలాసార్లు అది క్రాంక్ సెన్సార్ (క్రాంక్ షాఫ్ట్ ఎంత వేగంగా, ఏ స్థానంలో తిరుగుతోందో ఇంజిన్ కంప్యూటర్‌కి చెప్పేది) పనే. కారులోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్‌లో, ఈ సెన్సార్ సర్క్యూట్ లోపాన్ని చూపే పీ0335 కోడ్ కూడా వస్తే అనుమానం ఇంకా బలపడుతుంది. అయినా వెంటనే కొత్తది కొనేయకండి. వైరు ఎక్కడైనా ఒరుసుకుపోయిందేమో, కనెక్టర్‌లోకి ఆయిల్ చేరిందేమో చూడండి.

చాలా కార్లలో దాన్ని పట్టి ఉంచేది ఒక్క బోల్టే. కష్టమల్లా అక్కడికి చెయ్యి దూరకపోవడమే. ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ వైరు తీసేసి, లైటు వేసిన ఫోన్‌ని సందులోకి పోనిచ్చి వీడియో తీయండి. కనెక్టర్ లాక్ ఏ వైపు నొక్కాలో అందులో తెలిసిపోతుంది. కింద నుంచి చేయాల్సొస్తే ఒట్టి జాకీని నమ్మి కారు కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టాల్సిందే.

ఇక అసలు సంగతి: బోల్టు తలకి తొడిగి తిప్పే సాకెట్ లోపల కాస్త గట్టి గ్రీజు పూయండి. బోల్టు తల దానికి అతుక్కుని ఉంటుంది, విప్పేటప్పుడూ పెట్టేటప్పుడూ జారిపోదు. ఆ బోల్టు ఇంజిన్ కింద ఉండే అండర్ కవర్‌లో పడిందంటే వెతకడానికే పూటంతా పోతుంది.

పాత సెన్సార్‌ని ఒక్కసారిగా లాగొద్దు. దాని చుట్టూ ఉండే రబ్బరు రింగు, అంటే ఓ-రింగ్, పట్టేసి ఉంటుంది, అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ వదులు చేయండి. ప్లాస్టిక్ విరిగి ముక్క లోపలే ఉండిపోతే చాలా పెద్ద పని. కొత్తదాని ఓ-రింగ్‌కి చుక్క ఇంజిన్ ఆయిల్ రాసి, పూర్తిగా కూర్చునేదాకా చేత్తోనే నొక్కండి. బోల్టు బిగింపుతో లోపలికి లాగాలని చూస్తే బోల్టు దూరే సెన్సార్ చెవి పగులుతుంది. కొన్ని మోడళ్లకి చివర్లో స్కానర్‌తో రీలెర్న్ (కొత్త సెన్సార్‌ని కంప్యూటర్‌కి అలవాటు చేయడం) కూడా చేయించాలి.